నీళ్ళ మిషన్ సారు

విశాఖపట్నంలో ఒక వైద్య కళాశాల వాళ్ళు పాతకాలపు పరికరాల ప్రదర్శన పెట్టారు. మా మేనకోడలు అక్కడే చదువుతోంది, రమ్మంటే వెళ్ళాను. పాత సూదులు, ఇత్తడి గొట్టాలు, చెక్కపెట్టెల్లో సూక్ష్మదర్శినులు. వాటన్నిటి చివర, అద్దాల పెట్టెలో, నాకు తెలిసిన మిషన్ ఉంది. రెండు గోడల తొట్టి, దానిలో బోర్లించిన సన్నరేకు డబ్బా, పైన గిలక, గొలుసు, గొలుసు చివర కలం. పక్కన ఏనుగు తొండంలా ముడతలు పడ్డ రబ్బరు గొట్టం. తొట్టిలో నీళ్ళు లేవు.

"ఇది ఊపిరి కొలిచే మిషన్ ఆంటీ. నీళ్ళతో పనిచేసేది. కొలతలు అంత కచ్చితంగా వచ్చేవి కాదట, అందుకే తీసేశారు" అంది అక్కడ నిలబడ్డ విద్యార్థిని.

"ఎవరు చెప్పారమ్మా?"

"ఇక్కడ రాసుంది కదండీ."

నిజంగానే కార్డు మీద రాసి ఉంది. నాకు చెవులు వేడెక్కాయి. ఆ అమ్మాయి మీద కోపం తెచ్చుకుని ఏం లాభం. అదే మాటని ఇంగ్లీషులో, ఒక క్లినిక్ లెటర్‌హెడ్ మీద టైపు చేసి, కింద సాక్షిగా సంతకం పెట్టినదాన్ని నేను.

అలాంటి మిషన్ నడిపినాయన ఇప్పుడు లేడు. పేరు రాయను. బతికుండగా ఆయన పేరుని ఒక తప్పుడు కాగితంలోకి ఎక్కించాను. అదే చేత్తో ఇంకో కాగితంలోకి ఎక్కించబుద్ధి కావడం లేదు.

దుబాయి పక్కనున్న రాస్ అల్ ఖైమాకి నేను వెళ్ళింది రెండువేల మూడులో. మా ఆయన అక్కడ సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో చేసేవారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక నేనొక క్లినిక్‌లో టైపిస్టుగా చేరాను. కంపెనీలు తమ కూలీలకి ఏడాదికోసారి చేయించే ఆరోగ్య పరీక్షలే ఆ క్లినిక్‌కి ప్రధానమైన పని. ఎత్తు, బరువు, చూపు, ఊపిరి. చివర్న ఫిట్, అన్‌ఫిట్. ఆ సర్టిఫికెట్లు కొట్టేది నేను.

చేరిన రోజు లిఫ్టు పనిచెయ్యక రెండంతస్తులు ఎక్కి వచ్చాను. మెట్ల పైన పొట్టిగా, నల్లగా, తెల్లకోటు చేతులు మోచేతుల దాకా మడిచినాయన నిలబడి ఉన్నాడు. నేను కొత్త టైపిస్టునని, కాకినాడ నుంచి వచ్చానని, ముదీర్ గారి గది, అంటే మేనేజరు గది, ఎక్కడో చెప్పమని అడిగాను. ఆయన నమస్కారమైనా చెయ్యలేదు.

"నాలుగు మాటలకోపాలి ఊపిరి తీసుకుంటున్నవ్. ఇంత చిన్న వయసుల. రక్తం తక్కువున్నది బిడ్డా, చూపించుకో" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మొహం మీద అలా అనే మనిషిని అంతకు ముందు చూళ్ళేదు. వారం తర్వాత పరీక్ష చేయించుకుంటే రక్తం నిజంగానే సగానికి సగం తక్కువ ఉంది. ఆ మాట చెప్పడానికి వెళితే, "ఎరికే" అని తన పని తను చేసుకున్నాడు.

ఎవరితో మాట్లాడినా మాటలు వినేవాడు కాదు, మాటల మధ్య ఊపిరి వినేవాడు. ఫోను కూడా అంతే. అవతలి వాళ్ళు ఏం చెప్పారని అడిగితే సరిగ్గా చెప్పలేకపోయేవాడు గానీ, "వానికి ఆయాసమున్నది, దాస్తున్నడు" అనేవాడు. ఆయనది గోదావరిఖని. కుర్రతనంలో ఆరేళ్ళు బొగ్గుబావిలోకి దిగాడు. తర్వాత గనుల ఆసుపత్రిలో ఊపిరి కొలిచే పని నేర్చుకున్నాడు. ఇరవై ఏళ్ళు బొగ్గు మనుషుల ఊపిరి కొలిచి, ఆ పైన ఇక్కడికి వచ్చాడు.

నీళ్ళ మిషన్ క్లినిక్‌కి ఆయన కంటే ముందే వచ్చింది. ఎప్పుడో ఒక ఇంగ్లీషు డాక్టరు ఆసుపత్రి మూసేసి పోతూ వదిలిపెట్టి వెళ్ళాడట. మూలన దుమ్ము పట్టి ఉంటే ఈయన బాగుచేశాడు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి తొట్టిలో నీళ్ళు మార్చేవాడు. థర్మామీటరు ముంచి చూసేవాడు. మూడు లీటర్ల గాలి పట్టే పెద్ద సిరంజి ఒకటి ఉండేది. గొట్టానికి దాన్ని తగిలించి నెట్టేవాడు. డబ్బా నీళ్ళలోంచి పైకి లేచేది, గొలుసు జారేది, కలం దిగి కాగితం మీద సరిగ్గా మూడో గీత దగ్గర ఆగేది. ఆగాకే మొదటి మనిషిని పిలిచేవాడు. ఒక్క రోజు ఆ గీత వెంట్రుకవాసి తేడాగా ఆగితే, బయట నలభైమంది నిలబడి ఉండగా, గంటసేపు గొలుసంతా విప్పి నూనె పెట్టి మళ్ళీ కట్టాడు. ముదీర్ వచ్చి అరిచాడు. ఈయన తలెత్తలేదు.

మనిషి కూర్చోగానే ముందు బెల్టు వదులు చేయించేవాడు. ముక్కుకి క్లిప్పు పెట్టేవాడు. ఇక అరుపు. "ఊదు, ఊదు, ఊదు, ఇడువకు, ఇంకున్నది, లోపల ఇంకున్నది, దాసుకోకు, ఊదు." హిందీవాడైతే హిందీలో, మనవాడైతే మన భాషలో. ఎదుటివాడితో పాటు తనూ ఊదేవాడు. మెడ నరాలు తేలి, మొహం ఎర్రబడి, చివరికి ఇద్దరూ ఒకేసారి ఒగర్చేవాళ్ళు. నర్సులు మొహాలు పక్కకి తిప్పుకుని నవ్వుకునేవారు. నేనూ నవ్వాను. మీరెప్పుడైనా దీంట్లో ఊది చూసుకున్నారా బాబాయ్‌గారూ అని ఒకసారి అడిగాను. "మంగలోడు తన గడ్డం తను లెక్కవెట్టుకుంటడా" అని మాట దాటేశాడు.

వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కొండల దగ్గర రాతి క్వారీ మనుషులు. అక్కడ కొండని పేల్చి, రాళ్ళని క్రషర్‌లో వేసి కంకర చేస్తారు. పండుగనాడు తలంటు పోసుకుని వచ్చినా కనురెప్పల మీద తెల్లటి పొడి పోదు వాళ్ళకి. సగం మంది జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పక్కవాళ్ళు. వాళ్ళు ఆయన్ని నీళ్ళ మిషన్ సారు అనేవారు. ఆయన వాళ్ళని తిట్టేవాడు. బీడీ వాసన వస్తే కుర్చీలోంచి లేపేసేవాడు. మూతికి గుడ్డ కట్టుకున్నవా అని అడిగి, లేదంటే, "నీ అయ్య జాగీరా ఊపిరి" అని మండిపడేవాడు.

మల్లేశం అనే మనిషి మొదటిసారి వచ్చినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. జగిత్యాల దగ్గర పల్లె. ముప్పైలోపు వయసు, గట్టి మనిషి, భుజాలు చూస్తే ఆ కుర్చీలో పట్టేలా లేడు. ఊదే ముందు ఈయన అలవాటు ప్రకారం బస్సు పరీక్ష పెట్టాడు. అది ఆయన సొంత పరీక్ష.

"జగిత్యాల్ల బస్సెక్కినవ్. కరీంనగర్ దాకా ఆగే ఊర్లన్నీ ఒక్క ఊపిరిల చెప్పు."

మల్లేశం నవ్వి మొదలుపెట్టాడు. నూకపల్లి, మల్యాల క్రాస్ రోడ్డు, పూడూరు, గంగాధర, కొత్తపల్లి, కరీంనగర్. చెప్పి, ఊపిరి ఇంకా మిగిలిందని చూపించడానికి తిరుగు ప్రయాణం కూడా పూడూరు దాకా చెప్పాడు. మిషన్‌లో ఊదితే కలం నాలుగో గీతకి కాస్త ఇవతల ఆగింది. ఈయన కాగితం చింపి, దాని మీద పేరు, ఊరు రాసి, ఖర్జూరాల అట్టపెట్టెలో పెట్టాడు. ప్రతి మనిషి కాగితం ఆ పెట్టెలో ఉండేది. ఫైళ్ళలో కాపీలు మాత్రమే.

మరుసటేడు మల్లేశం కొత్తపల్లి దాకా వచ్చి ఆగాడు. గీత మూడున్నర. ఆ పై ఏడు, రెండువేల అయిదులో, గంగాధర అనబోయి దగ్గాడు. ఈయన నవ్వలేదు. ఊదమన్నాడు. మూడుసార్లు ఊదించాడు. కలం మూడో గీత దాకా దిగలేదు.

పెట్టెలోంచి పాత కాగితాలు తీసి మూడూ పక్కపక్కన పరిచాడు. రాతి ధూళి లోపల పేరుకుంటే ఊపిరితిత్తులు ముడుచుకుపోతాయని, దానికి మందు లేదని, ధూళిలోంచి బయటికి తియ్యడమొక్కటే దారని నాకు ఆ రోజు చెప్పాడు. సిలికోసిస్ అన్న మాట అప్పుడే విన్నాను.

మల్లేశానికి అది చెబుతుంటే వాడు మధ్యలోనే ఆపాడు. "సార్, మీ కాళ్ళు మొక్కుత, ఫిట్ అని రాయుండ్రి. అన్‌ఫిట్ అన్నరంటె కేన్సిల్ గొట్టి పంపిస్తరు. ఏం మొఖం వెట్టుకొని పోవాలె ఇంటికి?"

ఈయన చెయ్యెత్తాడు. కొడతాడనే అనుకున్నాను. ఎత్తిన చెయ్యి వాడి భుజం మీద వేశాడు. "అన్‌ఫిట్ అని రాస్త లేనురా. దుమ్ములకెళ్ళి తియ్యమని రాస్తున్న. గేటుకాడ కూసోవెట్టమను. వంటకాడ పెట్టమను. నువ్వు బతుకుతవ్, నీ నౌకరి బతుకుతది."

ఎర్ర కలంతో కాగితం కింద అదే రాశాడు. దుమ్ము లేని పని ఇవ్వాలి. అప్పటికే చాలామంది కాగితాల మీద ఆ ఎర్ర వాక్యం ఉంది. ఆ కాగితాల కాపీలు నా బల్ల మీదికే వచ్చేవి. మొదట్లోనే ముదీర్ నన్ను పిలిచి చెప్పాడు, ఫారంలో ఆ వాక్యానికి చోటు లేదని, ఫిట్ అయితే ఫిట్, కాకపోతే కాదు, మధ్యలో కథలొద్దని. నేను సరేనన్నాను. రెండేళ్ళ పాటు ఆ ఎర్ర వాక్యాన్ని వదిలేసి మిగతాది టైపు చేశాను. ఆయనకి తెలియదు. తను రాసింది కంపెనీకి చేరుతోందనీ, వాళ్ళే పట్టించుకోవడం లేదనీ అనుకుని కంపెనీని తిట్టుకుంటూ ఉండేవాడు. నేను వింటూ ఉండేదాన్ని.

ఆ ఏడాదే కొత్త మిషన్ వచ్చింది. అరచేతిలో పట్టేంత. అమ్మే మనిషి టై కట్టుకుని వచ్చి, సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టే డాక్టరు ముందు, మా ముందు పెట్టి చూపించాడు. వయసు నొక్కాలి, ఎత్తు నొక్కాలి, ఆడా మగా నొక్కాలి. తర్వాత ఇంకో గడి.

"ఇది ఏంది?" అన్నాడు ఈయన హిందీలో.

"జాతి సార్. యూరోపియన్, ఏషియన్, ఆఫ్రికన్. మీ దగ్గరికొచ్చేవాళ్ళకి ఏషియన్ నొక్కండి."

"నొక్కితే ఏమైతది?"

"రావలసిన ఊపిరి దానంతటదే తగ్గించుకుంటుంది. ఏషియన్ల ఊపిరితిత్తులు చిన్నవి కదా సార్. పుస్తకాల్లో ఉంది."

"ఎవల పుస్తకంల? ఎవల్ని కొలిచి రాసిండ్రు?"

"నాకేం తెలుసు సార్. నేను అమ్మేవాణ్ణి."

మల్లేశం ఆ రోజు కాగితం కోసం మళ్ళీ వచ్చి బయట కూర్చుని ఉన్నాడు. ఈయన వాణ్ణి లోపలికి పిలిచి కొత్తదాంట్లో ఊదించాడు. యూరోపియన్ అని నొక్కితే, ఊపిరి తక్కువ అని వచ్చింది. ఏషియన్ అని నొక్కితే, అదే ఊపిరి, అదే మనిషి, నార్మల్ అని వచ్చింది. రెండు చీటీలూ డాక్టరు ముందు పెట్టాడు. డాక్టరు చెడ్డవాడని చెప్పలేను. రోజుకి వందమందిని చూసి కళ్ళు పీక్కుపోయిన మనిషి.

"ప్రపంచమంతా ఇదే పద్ధతి. నేను కనిపెట్టింది కాదు" అన్నాడు.

"తెల్లోనికైతే రోగం, మనోనికైతే నార్మల్. గంతేనా?" ఈయన హిందీ మర్చిపోయి తెలుగులోకి దిగాడు. డాక్టరుకి అర్థం కాదని కూడా చూసుకోలేదు. "వాన్ని ఇంకెవలతోని పోల్చద్దు సార్. వాని ఊపిరిని వాని ఊపిరితోనే పోల్చు. మూడేండ్ల కాయితాలున్నయి నా దగ్గర. లీటరు ఊపిరి ఏడవోయింది? ఎవడు తిన్నడు?"

డాక్టరు నా వైపు చూశాడు, తెలుగు చెప్పమని. నేను చెప్పాను. డాక్టరు రెండు చీటీలూ చూసి, నార్మల్ అన్న చీటీ మీద సంతకం పెట్టాడు.

ఆ వారమే నీళ్ళ మిషన్‌ని స్టోరు గదిలోకి తోశారు. క్వారీ వాళ్ళ పరీక్షలు కొత్త మిషన్ మీద ఒక నర్సుకి అప్పగించారు. ఈయన్ని బరువులు చూడమన్నారు. తూకం దగ్గర నిలబడి అంకెలు చెబుతుండేవాడు.

ఒక గురువారం సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చాడు. "ఒక్కని సంగతి చెప్తె వినలే. క్వారీల మనోళ్ళందరిది తీసి చూపిస్త. రేపు సెలవు గదా, క్యాంపుకు పోతున్న. పేర్లు రాసేటందుకు వస్తవా బిడ్డా?"

ఎందుకు సరే అన్నానో ఇప్పటికీ చెప్పలేను. ఎర్ర వాక్యం సంగతి లోపల కుళ్ళుతూ ఉండి ఉంటుంది. మా ఆయన, "నీకెందుకే ఇవన్నీ, రేపేమన్నా అయితే" అన్నారు. అని ఊరుకున్నారు.

పికప్ వెనకాల పాత దుప్పట్లు పరిచి మిషన్‌ని పడుకోబెట్టి తీసుకెళ్ళాం. ఒళ్ళో ఖర్జూరాల అట్టపెట్టె పెట్టుకుని ఆయన దారంతా వెనక్కి తిరిగి మిషన్‌నే చూస్తూ కూర్చున్నాడు. క్యాంపులో అన్నాలు తినే రేకుల షెడ్డులో బల్ల మీద నిలబెట్టాం. తొట్టిలోకి నీళ్ళు కావాలి. మల్లేశం, ఇంకో ఇద్దరూ తాగే నీళ్ళ క్యాన్లు మోసుకొచ్చారు.

"తాగేటివి ఎందుకురా, వేరే నీళ్ళు లేవా?"

"ఇవే ఉన్నయి సార్. వారానికోపాలి టాంకరొస్తది."

ఆయన మొహం గట్టిపడింది. క్రషర్ మీద నీళ్ళు చల్లితే దుమ్ము అణుగుతుందని రెండేళ్ళుగా చెబుతున్నాడు. ఎడారిలో నీళ్ళెక్కడివన్నారు కంపెనీవాళ్ళు. తొట్టి నింపి, సిరంజి నెట్టి, మూడో గీత చూసుకుని, మొదటివాణ్ణి పిలిచాడు.

నలభై రెండు మంది. నేను పేరు, ఊరు రాసేదాన్ని. ఆయన ఊదించి, పెట్టెలోంచి ఆ మనిషి పాత కాగితం తీసి కొత్తదాని మీద పెట్టి వెలుతురుకి పట్టి చూసేవాడు. మొదటి పదిమందికి ఆయన అరుపులకి రేకులు అదిరాయి. మనుషులు కిటికీల్లోంచి చూసి నవ్వుతున్నారు. మధ్యాహ్నమయ్యేసరికి అరుపు తగ్గింది. తర్వాత ఊదు అన్నమాటే మెల్లగా అంటున్నాడు. ముప్పయ్యో మనిషి దగ్గరికొచ్చేసరికి నోరు విప్పడం మానేసి, ఊదేవాడి వీపు మీద చెయ్యి వేసి నిలబడుతున్నాడు. ఆ మనిషి ఊది, దగ్గి, లేచిపోయాక ఈయన బయటికి వెళ్ళి ఇసకలో గొంతుక్కూర్చున్నాడు.

నీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చాను. పుచ్చుకోలేదు.

"ఇగ అరువబుద్ధి అయితలేదు బిడ్డా. ఉన్నోన్ని ఊదుమంటె ఊదుతడు. లేనోన్ని ఏడికెళ్ళి తెమ్మంటం?"

కాసేపుండి లేచి వచ్చి మిగతా పన్నెండుమందినీ చూశాడు. చివరి ఇద్దరూ ఊదుతుండగా క్యాంపు బాస్ కారు దిగాడు. ఫోను తీసి ఎవరితోనో మాట్లాడుతూ షెడ్డు చుట్టూ తిరిగాడు.

శనివారం పొద్దున్న నేను వెళ్ళేసరికి ముదీర్ నా కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. చెప్తాను కొట్టు అన్నాడు. ఈ ఉద్యోగి అనుమతి లేకుండా క్లినిక్ పరికరం బయటికి తీసుకెళ్ళాడు. ఆ పరికరం వాడుకలో లేనిది, లీకవుతుంది, కొలతలు కచ్చితమైనవి కావు. అందువల్ల అది చూపిన ఏ ఫలితానికీ విలువ లేదు. నేను వేళ్ళు ఆపాను.

"మీ ఆయన ఫ్యాక్టరీకి రాయి ఎక్కణ్ణుంచి వస్తుందో తెలుసు కదా" అన్నాడు. బెదిరించినట్టు కూడా అనలేదు. టీ తాగుతావా అన్నట్టు అన్నాడు.

కొట్టాను.

ఆయన వచ్చాడు. కాగితం చేతికిస్తే నాకిచ్చి, "తెలుగుల చెప్పు" అన్నాడు. వాక్యం తర్వాత వాక్యం చెప్పాను. లీకవుతుంది అన్న చోట చెయ్యి అడ్డం పెట్టాడు. స్టోరులోకి వెళ్ళి మిషన్‌ని తనే ఈడ్చుకొచ్చాడు. బకెట్లతో నీళ్ళు పోశాడు. అందరూ చూస్తుండగా సిరంజి తగిలించి నెట్టాడు. కలం మూడో గీత మీద ఆగింది. మళ్ళీ నెట్టాడు. మూడు. ఇంకోసారి. మూడు. అలా పైకి లేచిన డబ్బాని ఎక్కువసేపే వదిలేశాడు. అది అంగుళం కూడా దిగలేదు.

"ఇప్పుడు రాయి లీకని" అన్నాడు నాతో.

"ఖలాస్" అన్నాడు ముదీర్. "సాక్షి సంతకం పెట్టమ్మా."

పెట్టాను. తలెత్తేసరికి ఆయన నన్నే చూస్తున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఊపిరి బిగవట్టినవ్. ఇడువు" అన్నాడు.

పది రోజుల్లో వీసా కేన్సిల్ చేసి పంపించేశారు. మిషన్‌ని పాత సామాన్ల బండిలో వేశారు. మెట్ల మీద దొర్లినప్పుడు రేకు డబ్బా సొట్టపోయింది. ముదీర్ అట్టపెట్టె కోసం అలమారాలన్నీ వెతికించాడు. దొరకలేదు. ఆయన దాన్ని క్యాంపు నుంచి వెనక్కి తేనేలేదు. ఇంటికి వెళుతున్న ఒకతని సామాన్లలో కట్టించాడని తర్వాత తెలిసింది.

ఆయన చేసిన పని వల్ల మేలు జరిగిందా అంటే, లేదు. కంపెనీవాళ్ళు భయపడ్డారు. దగ్గేవాళ్ళనీ, మెట్లెక్కి ఒగర్చేవాళ్ళనీ ఏరి, జబ్బు మాట చెప్పకుండా, పని లేదని చెప్పి ఇళ్ళకి పంపించేశారు. మల్లేశం వాళ్ళలో ఒకడు. వాళ్ళ మంచాల్లోకి కొత్తవాళ్ళు వచ్చారు. కొత్త మిషన్‌లో ఊదారు. నార్మల్ అని టైపు చేశాను. నేను ఉద్యోగం మానెయ్యలేదు. ఇంకో ఏడాదిన్నర చేశాను. ఇది కూడా రాయాలి.

రెండువేల ఎనిమిదిలో మా ఆయన సెలవుకి ఇద్దరం వచ్చినప్పుడు గోదావరిఖని వెళ్ళాను. చిన్న ఇల్లు. ఆయన వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు, సగమయ్యాడు. మాట మధ్యలో ఆగి, కుర్చీ చేతులు పట్టుకుని, మళ్ళీ మొదలుపెడుతున్నాడు. చిన్నప్పటి బొగ్గు ఇప్పుడు పైకి వచ్చింది. వాళ్ళావిడ మంచినీళ్ళు ఇచ్చి లోపలికి వెళ్ళింది.

ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన చేసిన పని ఒక్కటే. అట్టపెట్టెలో కాగితాల మీద రాసిన ఊళ్ళు చూసుకుని, బస్సులెక్కి, ఆ మనుషుల్ని వెతకడం. చాలామందికి ఆ ఊళ్ళ డాక్టర్లు టీబీ అని మందులు మింగిస్తున్నారు. టీబీ కాదు, రాతి దుమ్ము అని చెప్పి, కాగితం చూపించి, ఆ కాగితం వాళ్ళకే ఇచ్చి వస్తున్నాడు. ముప్పయ్యొక్క ఇళ్ళు తిరిగాడు. ఇక తిరగలేకపోతున్నాడు.

క్షమించమని అడగడానికి నేను నేర్చుకుని వచ్చిన మాటలన్నీ చెప్పాను. ఎర్ర వాక్యం సంగతి కూడా చెప్పాను. అది ఆయనకి అప్పుడే తెలిసింది. కళ్ళు ఎర్రబడ్డాయి. కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు వంగాడు.

"రెండేండ్లు," అన్నాడు. ఊపిరి తీసుకుని, "రెండేండ్లు నేను గోడకు రాసిన్నా?"

నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు.

"నన్ను మాఫ్ అడుగకు. నా ఊపిరి పోలే దాంట్ల." అట్టపెట్టె తెప్పించి, అందులో మిగిలిన పదకొండుమంది కాగితాలు తీసి నా ఒళ్ళో పెట్టాడు. "వీళ్ళనడుగు. పో."

పైన ఉన్నవి మల్లేశానివి.

మరునాడు ఆ ఊరు వెళ్ళాను. మల్లేశం పోయి ఎనిమిది నెలలైంది. వాళ్ళావిడ రాజవ్వ గడప దగ్గర చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేనెవరో చెప్పాను. కాగితాలు పరిచి మూడేళ్ళ గీతలూ, క్యాంపు నాటి గీతా చూపించాను. నేను టైపు చేసింది, వదిలేసింది, సంతకం పెట్టింది, అన్నీ చెప్పాను. ఆమె చేతులు బీడీలు చుట్టడం ఆపలేదు. ఆఖరికి ఒక్క మాట అడిగింది.

"అంటె టీబీ కాదా?"

"కాదమ్మా."

"పిల్లలకు అంటదా?"

"అంటదు."

చాట పక్కకి పెట్టి లేచింది. కొంగు దులుపుకుంది. "ఏడాది నుంచి మా ఇంట్ల ఎవలు నీళ్ళు తాగుత లేరు. నా పిల్లలను బడిల ఎనుక కూసోవెడుతున్నరు. ఆయన పాడె కూడా నలుగురు దొరకంగ దొరకంగ మోసిండ్రు. నాకు చెప్తె ఏమొస్తది? నడువు. వాడల చెప్పు."

నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ప్రతి గడప ముందూ నిలబెట్టింది. దుబాయికెళ్ళి వచ్చింది, దవాఖానల పనిచేసింది, ఇనుండ్రి అనేది. నేను చెప్పేదాన్ని. టీబీ కాదు, అంటుకునే రోగం కాదు, రాతి దుమ్ము లోపల పేరుకుంది. కొందరు తలుపు వేశారు. కొందరు విన్నారు. అయిదో ఇంట్లో అరుగు మీద కూర్చున్న ముసలామె మొత్తం విని, చేతికర్ర ఎత్తి నన్ను చూపించింది.

"దుమ్మని ఎరికయ్యి గూడ ఆ పోరన్ని అండ్లనే ఉంచింది ఎవలు?"

రాజవ్వ నా మొహం చూసింది. వాడలో పదిమంది నిలబడ్డారు. నాకు తెలిసిన పేర్లన్నీ చెప్పాను. కంపెనీ పేరు చెప్పాను. క్యాంపు బాస్ పేరు, ముదీర్ పేరు, డాక్టరు పేరు చెప్పాను. ఇంకెవలు అని అడిగింది ముసలామె.

నా పేరు చెప్పాను.